అనుమతి లేనిదే తుమ్మని మా కోబినా

మా తమ్ముడు కోబినా అనుమతి లేనిదే తుమ్మడు. నేను పెంచి చెబుతున్నాననుకుంటే మా చర్చికి వచ్చి ఎవరినైనా అడగండి. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే వీడికి తుమ్ము వచ్చింది. ముక్కు గట్టిగా పట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారుతుండగా, బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తి నిలబడ్డాడు. పాస్టరుగారు ప్రార్థన ఆపి ఏమిటని అడిగేసరికి తుమ్ము వెనక్కి పోయింది. అదింకా బాకీ ఉందని వాడంటాడు.

మా ఊరు సెకొండీలో, రైల్వే గోదాములో స్టోర్‌కీపరుగా పనిచేశాడు. పనిచేశాడనడం కంటే గుమ్మానికి అడ్డం నిలబడ్డాడనడం న్యాయం. ఒక ఎండాకాలం పట్టాల పక్క గడ్డి అంటుకుంది. స్టేషన్ మాస్టరు పరిగెత్తుకొచ్చి బకెట్లు ఇమ్మన్నాడు. వీడు కళ్ళజోడు సవరించుకుని, బకెట్లకి అనుమతి ఎవరిచ్చారని అడిగాడు. నేనే ఇస్తున్నానన్నాడాయన. అయితే సంతకం చెయ్యమన్నాడు వీడు. ఆయన కలం కోసం మళ్ళీ స్టేషన్‌కి పరిగెత్తాడు. బకెట్లు బయటికి వచ్చేసరికి గడ్డి అయిపోయింది, మంట కూడా విసుగెత్తి వెళ్ళిపోయింది. బకెట్లు మాత్రం తుప్పు కూడా పట్టకుండా గోదాములో భద్రంగా ఉన్నాయని వాడు రిటైరయ్యేదాకా చెప్పుకున్నాడు.

రిటైరయ్యాక వాడికి కాలు నిలవలేదు. పెరట్లోంచి వీధిలోకి, వీధిలోంచి పెరట్లోకి. కూర్చుంటే మోకాలు ఊగేది, ఆ ఊపుకి బల్ల మీద గ్లాసులు వాటంతటవే నడిచేవి. ఇక ఏం తోచక వంటింటి మీద పడ్డాడు. ఉప్పు డబ్బా ఎవరు తీశారు, ఎవర్నడిగి తీశారు. వాడి భార్య ఫిలొమినా ఓర్పు గల మనిషే గాని రాయి కాదు. ఒకనాడు గరిటె చేత్తో పట్టుకునే మా ఇంటికి వచ్చేసింది.

"వదినా, మీ తమ్ముడికి ఎక్కడైనా ఒక గోదాము చూడండి. చిన్నదైనా ఫరవాలేదు. లేకపోతే నేను మా అమ్మ దగ్గరికి పోతాను" అంది.

గోదాము కంప్యూటర్ రూపంలో వచ్చింది. వాళ్ళ కూతురు జెమైమా పాలిటెక్నిక్‌లో చదువుతోంది. అక్కడ పక్కన పడేసిన పాత యంత్రాన్ని తెచ్చి, దుమ్ము దులిపి, దాంట్లో లినక్స్ అనేదాన్ని ఎక్కించి తండ్రి ముందు పెట్టింది. నేను మూడో తరగతితో బడి మానేసి, పులిసిన మొక్కజొన్న పిండితో కెంకీ ముద్దలు ఉడికించి అమ్ముకున్నదాన్ని, నాకు వాటి సంగతి తెలియదు. తెలియదని ఎవరూ జాలి పడక్కర్లేదు. ఈ ఊళ్ళో చదువుకున్నవాళ్ళందరూ నా కెంకీ తినే చదువుకున్నారు.

మొదటిరోజు వాడు ఏదో నొక్కాడు. ఈ పని చేయడానికి నీకు అనుమతి లేదు, పాస్‌వర్డ్ చెప్పు అని తెర మీద వచ్చింది. మా తమ్ముడి ముఖం చూడాలి మీరు. పెళ్ళిపీట మీద కూడా అంత వెలగలేదు. ప్రపంచంలో తనకి తోబుట్టువు ఇంకొకటి ఉందని ఆ రోజే వాడికి తెలిసింది. అక్కని నేను అక్కడే నిలబడి ఉన్నాను, నా వంక చూడనైనా చూడలేదు.

అప్పటినుంచి రోజంతా దాని ముందే. ఏ పని చెయ్యబోయినా అది అనుమతి అడుగుతుంది. వీడు పాస్‌వర్డ్ కొడతాడు. కొట్టే ముందు కాసేపు ఆలోచిస్తాడు. అదేమిట్రా, నీ యంత్రం, నీ పని, నీకెందుకు ఆలోచన అని అడిగాను. మామూలు మనిషిగా కూర్చున్నప్పుడు తనకి ఏ అధికారమూ ఉండదట. ఏదైనా మార్చాలంటే అడ్మిన్‌ని, అంటే యంత్రానికి పెద్దని, అడగాలట.

"మన రాజుగారి కొలువులో ఎవరైనా రాజుగారితో నేరుగా మాట్లాడతారా అక్కా? మధ్యలో వాక్కు మోసే పెద్దమనిషి ఉంటాడు కదా. ఇదీ అంతే" అన్నాడు.

"ఇందులో రాజుగారెవరు?"

"నేనే."

"మధ్యలో పెద్దమనిషి?"

"నేనే."

"మరి అడిగేవాడు?"

"అదీ నేనే."

"ఇంతమంది ఒక్క కుర్చీలో ఎలా పడుతున్నార్రా?"

నవ్వలేదు వాడు. పైగా నిన్న ఒక పనికి తనే తనకి అనుమతి నిరాకరించానని గర్వంగా చెప్పాడు. కారణం సరిగ్గా చెప్పుకోలేకపోయాడట.

అసలు గొడవ ఫోటోలతో మొదలైంది. మా కుటుంబం పాత ఫోటోలన్నీ ఒక ఇనప పెట్టెలో ఉండేవి. వాడు వాటిని ఒక్కొక్కటే తీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, కుటుంబం అనే ఫోల్డర్‌లో పెట్టాడు. ఇంట్లో వైఫై ఉన్నంత దూరం మంచం మీద పడుకునే ఫోన్‌లో చూసుకునేలా పంచాడు కూడా. కానీ పంచడమంటే వాడికి కంచె కట్టడమే. ఆ యంత్రంలో ఏ వస్తువుకైనా మూడు రకాల మనుషులుంటారట. ఒకరు సొంతదారు, తర్వాత ఆయన గుంపు, ఆ తర్వాత ఇతరులు. వాడు సొంతదారుగా అడ్మిన్‌ని పెట్టి, మా ఆచారం ప్రకారమే గీత గీశాడు. మా దగ్గర ఎవరైనా తల్లి కుటుంబం మనిషే. మగవాడికి అక్కచెల్లెళ్ళు, మేనల్లుళ్ళు సొంతం. పెళ్ళాం వేరే కుటుంబం, ఆమె కన్న పిల్లలు ఆమె కుటుంబం. కాబట్టి గుంపులో వాడు, నేను, నా పిల్లలు, టకొరాడీలో ఉన్న మా పిన్ని కూతురు జోసెఫీన్. చూడొచ్చు, కానీ మార్చకూడదు. ఫిలొమినా, జెమైమా మాత్రం ఇతరులు.

ఫిలొమినా తన ఫోన్‌లో తన పెళ్ళి ఫోటో చూద్దామని నొక్కితే, నీకు అనుమతి లేదు అని వచ్చింది. ఆ పూట చేపల పులుసు వండి, కంచం తెచ్చి వాడి ముందు పెట్టి, వాడు చెయ్యి పెట్టబోతుండగా కంచం వెనక్కి లాగింది.

"ఇతరులు వండింది తినడానికి మీకు అనుమతి ఉందా?" అంది.

వాడు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. పులుసు చల్లారిపోయింది. నేను అటుగా వెళ్ళి, గుంపు మనిషిగా అనుమతి ఇస్తున్నాను, తినరా అంటే అప్పుడు తిన్నాడు. తింటూ కూడా, వంటింటికి నీ అనుమతి చెల్లుతుందో లేదో చూడాలి అన్నాడు.

ఇలా ఉండగా మా అమ్మ అన్న బైడూ మావయ్య పోయాడు. తొంభై దాటిన మనిషి, మా కుటుంబ పెద్ద. ఆదివారం రాత్రి కడుపునిండా తిని పడుకుని సోమవారం పొద్దున లేవలేదు. ఆయన కోసం ఏడవాల్సిన పనిలేదు, ఘనంగా సాగనంపాల్సిన పనే ఉంది. శనివారం అంత్యక్రియలు. ఊరంతా గోడలకీ స్తంభాలకీ పోస్టర్లు పడాలి. పోస్టర్ లేకుండా పోతే మా ఊళ్ళో మనిషి పోయినట్టే లెక్క కాదు. ముఖ్య సంతాపకుల పేర్లలో మొదటిది నాది. పైన మావయ్య ఫోటో. స్టేషన్ దగ్గర ప్రెస్సు నడిపే ఓటూగారు గురువారం మధ్యాహ్నంలోపు ఫోటో చేరాలన్నాడు. ఆ తర్వాత ఆయన యంత్రం ఇంకో ఇంటి శవానికి మాటిచ్చేసింది.

మా దగ్గర మావయ్య ఫోటో ఒకటుంది. రంగురంగుల నేత కెంటే వస్త్రం భుజాన వేసుకుని, కుర్చీలో సింహంలా కూర్చున్నది. కాగితం ఫోటోని చెదలు ఎప్పుడో తినేశాయి, ఎవరి అనుమతీ అడక్కుండా. ఇక ఉన్నది కోబినా కంప్యూటర్‌లోనే. జోసెఫీన్ దగ్గర కూడా ఒకటుంది. ఎవరిదో పెళ్ళిలో మావయ్య కునుకు తీస్తున్నప్పుడు తీసింది. నోరు తెరిచి ఉంటుంది, చేతిలో సగం కొరికిన కోడికాలు. సహజంగా ఉంది అక్కా అంటుంది అది. నా ఫోటో రాకపోతే ఓటూగారికి అదే వెళుతుంది. మావయ్య ఆ కోడికాలుతో సెకొండీ స్తంభాలన్నిటికీ ఎక్కుతాడు. కింద నా పేరు.

గురువారం పొద్దున్నే నేను కోబినా ఇంట్లో ఉన్నాను. ఫోన్ నొక్కితే, నీకు అనుమతి లేదు అంది. నాకు. గుంపు మనిషిని నాకు. తప్పు నొక్కానేమోనని జెమైమాకి ఇచ్చాను. అదే మాట. వీడిని పిలిచాను. వీడు పెరట్లో జామచెట్టు చుట్టూ తిరుగుతున్నాడు. మంగళవారం నుంచీ ఇదే తంతని, కంప్యూటర్ గది వైపు వెళ్ళి గుమ్మం దగ్గరే ఆగి తిరిగొస్తున్నారని, అన్నం కూడా నిలబడే తింటున్నారని ఫిలొమినా చెప్పింది. చెవి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. అరవై దాటినవాడి చెవైనా తమ్ముడి చెవి తమ్ముడి చెవే.

మోకాలు ఊగడం మొదలైంది. బల్ల ఊగింది. ఫోల్డర్ మీద నొక్కాడు. నీకు అనుమతి లేదు. అడ్మిన్‌ని అడిగాడు, పాస్‌వర్డ్ కొట్టాడు. తెర మీద ఒక వాక్యం వచ్చింది. జెమైమా చదివింది. కోబినా అనే ఈ మనిషికి అధికారం లేదు, ఈ సంగతి పైకి నివేదించబడుతుంది.

వాడు నెత్తి పట్టుకున్నాడు. మంగళవారం నుంచీ ఇదే అంటోందట. ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఉద్యోగం మొత్తం మీద ఒక్క ఫిర్యాదు కూడా పైకి వెళ్ళని మనిషి.

"పైకంటే ఎవరికిరా?" అన్నాను.

"అడ్మిన్‌కి."

"అడ్మిన్ ఎవరు?"

"నేను."

"అంటే నీ మీద ఫిర్యాదు నీకే వచ్చిందా?"

"వచ్చే ఉంటుంది అక్కా. తెరిచి చూడ్డానికి నాకు అనుమతి లేదు."

ఫోన్ మోగింది. జోసెఫీన్. ఫోటో పంపేశారా, నాది పంపెయ్యనా, ఓటూగారు తొందరపడుతున్నారు అంది. పంపావంటే శనివారం నీకు కుర్చీ వెయ్యనని చెప్పి పెట్టేశాను. పెట్టగానే మళ్ళీ మోగింది, ఈసారి ఓటూగారే. సిరా వేడెక్కింది అమ్మా అన్నాడు. సిరా ఎక్కడైనా వేడెక్కుతుందా అని అడగబోయి, ఆయనతో అవసరం గుర్తొచ్చి మింగేశాను.

ఏం చేశావు నాన్నా మంగళవారం అని జెమైమా అడిగింది. ఏమీ చెయ్యలేదన్నాడు. ఏదో చేసుంటావు. చిన్న సర్దుబాటు అన్నాడు. ఏం సర్దుబాటు? వాడు గోడ మీది క్యాలెండర్ చూశాడు.

దానికి ఇంకో దారి ఉందని జెమైమా అంది. యంత్రాన్ని ఆపి, మళ్ళీ లేపేటప్పుడు ఒక మీట నొక్కి పట్టుకుంటే మరమ్మతు గది తెరుచుకుంటుంది. అక్కడ అన్ని అధికారాలూ ఉంటాయి. దానికి పాస్‌వర్డ్ ఏమిటని వాడు అడిగాడు. ఏమీ లేదంది.

మా తమ్ముడు లేచి నిలబడ్డాడు. ముందు తలుపుకి ఇన్ని తాళాలు పెట్టుకుని ఇన్నాళ్ళూ కాపలా కాస్తే, వెనక తలుపు బార్లా తీసి ఉందా అన్నాడు.

"యంత్రం ముందు కూర్చుని మీట నొక్కేవాళ్ళు ఇంటివాళ్ళే అయ్యుంటారని అది నమ్ముతుంది నాన్నా" అంది జెమైమా.

అయినా అనుమతి లేకుండా ఆ గదిలోకి వెళ్ళడానికి వీల్లేదన్నాడు. ఎవరి అనుమతి అంటే అడ్మిన్ అనుమతి. అడ్మిన్ ఇప్పుడు లేడు కాబట్టి పదవి ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు ఏం చెయ్యాలో నియమం లేదు. ఇలా వాడు నియమం వెతుకుతుంటే గడియారం పరిగెడుతోంది. ఈ ఇంటి పెద్ద ఆడదాన్ని, నేనిస్తున్నాను అన్నాను. నిలబడి చెప్పమన్నాడు. నా మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేచి నిలబడి, జెమైమాకి అనుమతి ఇస్తున్నానని చెప్పాను. అప్పుడు పక్కకి జరిగాడు.

జెమైమా యంత్రాన్ని ఆపింది. కరెంటు కూడా పోయింది. ఇంట్లో అందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఫ్యాను తిరగడం మానేసింది. కోబినా గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి, ఫిలొమినా వంటింటికీ గుమ్మానికీ, నేను కూర్చున్నచోటే. జోసెఫీన్ మళ్ళీ ఫోన్ చేసింది, తియ్యలేదు. పక్కింట్లో ఎవరో జెనరేటర్ వేసుకున్నారు, ఆ రొదకి నా పళ్ళు కూడా ఊగాయి. వైరు వేసుకోవచ్చా అని అడగడానికి వెళ్ళబోయాడు వీడు. వాడు అడిగి, వాళ్ళు ఆలోచించి, వాడు సంతకం పెట్టించుకునేలోపు మావయ్య కోడికాలుతో గోడెక్కుతాడని ఫిలొమినా తనే కిటికీలోంచి వైరు విసిరేసింది. పక్కింటావిడ మాట కూడా మాట్లాడకుండా తగిలించింది.

యంత్రం లేచింది. జెమైమా మీట పట్టుకుంది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఏ పాస్‌వర్డూ అడక్కుండా లోపలికి రానిచ్చింది. మా తమ్ముడు తల పక్కకి తిప్పుకున్నాడు, ఎవరో స్నానం చేస్తుంటే చూసినట్టు.

జెమైమా గుంపుల పేర్లు చదువుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. ఇక్కడ కొత్త గుంపు ఉంది అంది. దాని పేరు ఇల్లు. మంగళవారం పుట్టింది. అందులో ఫిలొమినా, జెమైమా, కోబినా.

సంగతి ఇదీ. వాడు ఆ కొత్త గుంపులో పెళ్ళాన్నీ కూతుర్నీ చేర్చాడు. తనని కూడా చేర్చుకున్నాడు. అలా చేర్చుకునేటప్పుడు, ఇప్పుడున్న గుంపులతో పాటు అని యంత్రానికి చెప్పాలట. వాడు చెప్పలేదు. మనిషిది ఒకే కుటుంబం అని పుట్టినప్పటినుంచీ వింటున్నవాడికి, రెండింటిలో ఉండాలంటే విడిగా చెప్పుకోవాలని తోచలేదు. యంత్రం కూడా మా పెద్దలంత గట్టిది. ఒక గుంపులోకి వెళ్ళావు కాబట్టి మిగతావన్నీ వదిలేశావని, వాడిని మా కుటుంబంలోంచీ తీసేసింది, అడ్మిన్ పదవిలోంచీ తీసేసింది. ఫోల్డర్ ఆ కొత్త గుంపుకి అప్పగించడం సగంలో ఆగిపోయింది. అందుకే అది నాకూ తెరుచుకోలేదు, వాళ్ళకీ తెరుచుకోలేదు. తమ్ముడు తనే ఇతరులైపోయాడు.

జెమైమా నాలుగు మాటలు కొట్టి వాడిని అన్ని గుంపుల్లోనూ కూర్చోబెట్టింది. యంత్రం మామూలుగా లేచింది. ఫోల్డర్ తెరుచుకుంది, సింహంలా మావయ్య. అందరం ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో చిక్కు. ఫోన్‌కి పంచుకోవడానికి ఇంకో పాస్‌వర్డ్ విడిగా ఉందట, అది కోబినా తన చేత్తో కొట్టాలట. ఇంట్లోకి రానిచ్చిన మనిషిని గిన్నె తీసుకెళ్ళేముందు మళ్ళీ గుమ్మంలో ఆపినట్టు. వాడు కొట్టాడు. ఆలోచించకుండా కొట్టాడు. అది నేను మొదటిసారి చూడటం. మావయ్య జెమైమా ఫోన్‌లోకి, అక్కడినుంచి ఓటూగారి దగ్గరికి వెళ్ళాడు. అందింది అమ్మా, దర్జా గల పెద్దమనిషి అన్నాడు ఓటూగారు. జోసెఫీన్‌కి నేనే ఫోన్ చేసి, నీ కోడికాలు నువ్వే ఉంచుకో అని చెప్పాను.

అప్పటికి కరెంటు వచ్చింది. ఫిలొమినా నా చేతిలో వేడి కెంకీ, వేయించిన చేప పెట్టింది. తింటూ తమ్ముడిని నిలదీశాను. ఏమిట్రా ఆ గుంపు, ఆచారం తెలియనివాడివా?

వాడు నేల చూస్తూ మాట్లాడాడు. "స్టోర్‌కీపరు పోతే గోదాము తాళం బద్దలుకొట్టాల్సి రాకూడదు అక్కా. మావయ్య పోయిన రోజు కుటుంబం తరఫున ఆయన గదికి తాళం వేశాం. అత్త చెప్పులు లోపలుండిపోయాయి. వచ్చి బయట నిలబడింది. తాళంచెవి నీ దగ్గరుంది."

"అడగ్గానే ఇచ్చాను కదరా."

"ఇచ్చావు. కానీ ఆవిడ అడిగింది. యాభై ఏళ్ళు ఆ గది ఊడ్చిన మనిషి, తన చెప్పులకి అడిగింది. నేను పోయిన రోజు ఫిలొమినా తన పెళ్ళి ఫోటో చూసుకోవడానికి ఎవర్నీ అడక్కూడదు. నిన్ను కూడా."

నాకు మాట రాలేదని ఎవరైనా చెబితే నమ్మకండి. వచ్చింది. నోట్లో కెంకీ ఉంది.

ఫిలొమినా గుమ్మంలో నిలబడి అంతా వింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఇంకెవరైనా అయితే కంట తడి పెట్టుకునేది. ఆమె మాత్రం వాడిని పైనుంచి కిందికి చూసింది.

"నన్ను ఆ గుంపులో చేర్చే ముందు నన్నడిగారా?"

"లేదు."

"అంటే అనుమతి లేకుండా చేర్చారు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"నేను చేప వేయిస్తున్నాను. ఆలోచించి చెబుతాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను మిగిలిన కెంకీ కట్టుకుని బయల్దేరేసరికి వాడు వంటింటి గడప బయట, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడే ఉన్నాడు. లోపల ఫిలొమినా, వేగిపోయిన చేపనే తిరగేసి మళ్ళీ వేయిస్తోంది.